సారు అన్న రెండు మాటలు

మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగే రోజు నా బల్ల ముందు వరస మెల్లగా కదులుతుంది. తక్కిన టీచర్లు తమ క్లాసు తల్లిదండ్రులందరినీ పంపించేసి టీ తాగుతుంటే నా దగ్గర ఇంకా జనం ఉంటారు. పిల్లవాడి గురించి చెప్పాల్సింది చెప్పాక వచ్చిన తల్లినో తండ్రినో ఆపి, "ఇప్పుడు నేనేం చెప్పానో మీ మాటల్లో ఒకసారి చెప్పండి" అని అడగడం నా అలవాటు. కొందరు నవ్వుతారు. కొందరు సిగ్గుపడతారు. ఒక లారీ డ్రైవరైతే చెమటలు తుడుచుకుని, చిన్నప్పుడు ఈ పరీక్షలకు భయపడే బడి మానేశానన్నాడు. అయినా చెప్పేదాకా వదలను.

మొన్న కొత్తగా చేరిన టీచరమ్మ అడిగింది, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని. ఏదో శిక్షణలో చెప్పారన్నాను. ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

మా చుట్టాలందరిలో ఒక మాట పాతుకుపోయింది. అక్కకు చదువు అబ్బలేదు, తమ్ముడు హుషారు, అప్పటి లెక్కల సారే ఆ సంగతి మా నాయినకు మొహం మీద చెప్పాడు అని. పెళ్లి పందిట్లో కూర్చున్నా ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు. సారు పాపం అలా అనలేదు. ఆయన ఏమన్నాడో విన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్నే. అందుకని రాస్తున్నాను.

మా ఊరు ఇస్నాపూర్‌కు లోపలి వైపు. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల కిరాయి గదులు, మొబైల్ దుకాణాలు. అప్పుడు జొన్నచేలు, వాటి వెనక కంపెనీల పొగగొట్టాలు ఉండేవి. పొద్దుగూకితే ఊరి మీదికి ఒక వాసన దిగేది. కుళ్లిన పండు వాసన లాంటిది, కానీ గొంతులో మంట పెట్టేది. ఇళ్లలో తలుపులు మూసి వంటలు చేసుకునేవాళ్లు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ముక్కు మూసుకుంటే ముసలమ్మలు నవ్వి, నెల రోజులైతే నీ పెనిమిటి ఒంటి వాసన కూడా ఇదేలే అనేవాళ్లు.

మాకు పొలం ఉండేది, బావి ఉండేది. కొన్నాళ్లకు బావిలో నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు పారించిన మడిలో వరి ఏపుగా పెరిగి గింజ పట్టకుండా నిలబడేది. బర్రెలు వాసన చూసి మూతి తిప్పుకునేవి. రెండు పంటలు అలా పోయాక నాయిన నాగలి కొట్టంలో పెట్టి, మందుల కంపెనీలో కూలీగా చేరాడు. షిఫ్టు దిగి వచ్చి సబ్బుతో రుద్దుకుని రుద్దుకుని స్నానం చేసేవాడు. ఆ వాసన అంగీలోంచి పోయినా ఒంట్లోంచి పోయేది కాదు.

అక్క నాకంటే రెండు తరగతులు పైన, తొమ్మిదిలో ఉండేది. లెక్కలంటే దానికి ఆట. అమ్మ జొన్నరొట్టెలు కాలుస్తుంటే పొయ్యి ముందు కూర్చుని, నాకు రాని లెక్కను పెనం మీద రొట్టె తిరగేసేలోపు చేసి చూపించేది. కొట్టం గోడ నిండా బొగ్గుతో దాని అంకెలే. వర్షానికి చెరిగిపోతే సంబరపడేది, మళ్లీ రాసుకోవచ్చని.

నేను అక్కకు పూర్తి విరుద్ధం. మధ్యాహ్నం గంట కొట్టగానే నేనూ నా జట్టువాళ్లూ గోడ దూకి కంపెనీల వెనక కాలువకు పరిగెత్తేవాళ్లం. రోజుకొక రంగు నీళ్లు పారేవి అందులో. కాగితం పడవ తెల్లగా వదిలితే కొంతదూరం పోయేసరికి పసుపుపచ్చగా తేలేది. పాత ఇనుము కుప్పల్లో అయస్కాంతాల కోసం వెతికేవాళ్లం. బడిలో నా పేరు పిలిచినప్పుడు పక్కవాడు "ఉన్న సార్" అనేవాడు, వాడి పేరు పిలిచినప్పుడు నేను.

ఒకరోజు రాత్రి పుంటికూర, రొట్టె తింటూ నాయిన తల ఎత్తకుండా అన్నాడు.

"ఇద్దర్ని చదివిచ్చుడు నాతోని అయితలేదు. ఇగ ఒక్కలే చదువాలె, ఒక్కలు పనికి పోవాలె. ఆడివిల్లనా మొగపిలగాడా అని నేను సూడ. సార్‌ను అడుగుత. సార్ ఎవలు హుషారంటె వాల్లే చదువుకుంటరు."

అమ్మ ఏదో గొణిగింది, మగపిల్లవాణ్ని పనికి పంపిస్తామా అన్నట్టు. నాయిన చెయ్యి కడుక్కుని లేచాడు. పని అంటే ఏమిటో నాకు తెలుసు. మా పెదనాయిన కొడుకు కంపెనీలో డ్రమ్ములు కడిగే పనికి పోయేవాడు. రసాయనాలు వచ్చిన ఖాళీ డ్రమ్ముల్లోకి వంగి, పీచుతో తోమి కడగడం. వాడి వేళ్ల తోలు ఎల్లిపాయ పొట్టులా లేచిపోయింది. ఒక పెళ్లి బంతిలో కారం తగిలితే మంటని చెంచా అడిగి తిన్నాడు. వరస వరసంతా నవ్వింది, దొరబాబు వచ్చాడని. నేను వాడి పక్కనే కూర్చున్నాను. వాడు నవ్వలేదు.

ఆ రాత్రి నుంచి నాకు భయం, మా మాటలో బుగులు, పట్టుకుంది. అన్నంలో చెయ్యి పెడితే వాడి వేళ్లే కనిపించేవి. అక్కకు ఏ దిగులూ లేదు. ఒకరోజు కొట్టంలో పేడ ఎత్తుతూ నాతో అంది, "నువ్వు పనికి పోయినా ఫికర్ జెయ్యకు తమ్మీ. నేను చదువుకొని నౌకరి జేసి నిన్ను మల్ల బడికి తోలుత." అది ప్రేమగానే అంది. నాకు మాత్రం నా పని అయిపోయినట్టు వినిపించింది.

లెక్కల సారు ఆ ఏడే మా బడికి వచ్చాడు. గోదావరి వైపు మనిషి. సన్నగా ఉండేవాడు, జేబులో ఎప్పుడూ సుద్దముక్క. ఆయన మాట మాకు కొత్త, మా మాట ఆయనకు కొత్త. మొదటి వారంలోనే ఆ కొత్త నా వీపు మీద తేలింది. క్లాసులో నేను పక్కవాడి చెవిలో ఈక పెడుతుంటే సారు చూసి, "ఏరా, మహా హుషారుగా ఉన్నావే!" అన్నాడు. మా దగ్గర హుషారు అంటే తెలివైనవాడు. సంబరంగా పళ్లు ఇకిలించాను. బెత్తం పడింది. మా క్లాసులో నలుగురైదుగురికి అలా పడ్డాక మాకు బోధపడింది, సారు నోట్లో హుషారు అంటే అల్లరి అని. ఇంటి దగ్గర ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బెత్తం తిన్నామని ఎవరు చెప్పుకుంటారు?

ఆ సారే తల్లిదండ్రులందరినీ బడికి పిలిచాడు. అంతకు ముందు మా బడిలో అలాంటిది లేదు. పిల్లవాడు కిటికీ పగలగొడితేనో, ఎవడి తలైనా పగలగొడితేనో తండ్రికి కబురు వచ్చేది. ఇప్పుడు అందరికీ ఒకేసారి కబురు వచ్చేసరికి ఊరు గాబరాపడింది. చాయ్ హోటల్ దగ్గర పెద్దవాళ్లు తలొక మాట అన్నారు. బడి స్థలం కంపెనీకి ఇచ్చేస్తున్నారని ఒకరు, కొత్త గదికి చందాలడుగుతారని ఒకరు. ఒక ముసలాయన మాత్రం, అందరి పిల్లలూ ఒకేసారి చెడిపోయి ఉంటారు, అంతకంటే ఏముంటుంది అన్నాడు.

మా క్లాసులో ఒకడు పంక్చర్లు వేసే మనిషిని బతిమాలి తండ్రిగా తెచ్చుకున్నాడు. ఆయన ఆ వేషంలో లీనమైపోయి, సారు ఫిర్యాదు చెప్పకముందే వాణ్ని రెండు పీకాడు. నాకు ఆ దారి లేదు. నాయిన ఎలాగూ వస్తాడు. బొంతపల్లి వీరభద్రునికి మొక్కుకున్నాను. సారుకు జ్వరం రావాలని ఒకసారి, నాయినకు డబుల్ డ్యూటీ పడాలని ఇంకోసారి. చివరికి ఏం అడుగుతున్నానో నాకే తెలియకుండా పేరు మాత్రం తలుచుకుంటూ పడుకునేవాణ్ని.

సమావేశం రోజు పొద్దున మా బర్రె ఈనింది. అమ్మకు ఒంట్లో బాగాలేదు, అందుకని అక్క ఇంటి దగ్గరే ఉండిపోయింది. నాయిన రాత్రి షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల అంగీ వేసుకుని, తలకు నూనె రాసుకున్నాడు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకూ భయంగా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. బడి లోపలికి ఆయన అడుగు పెట్టడం అదే మొదటిసారి.

గది నిండా జనం. నాయిన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. సారు చూసి, లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. నాయిన కూర్చునేదాకా ఆయన కూర్చోలేదు. అంతమందిలో ఒక తండ్రి పరువు తీయడం ఆయనకు ఇష్టం లేదని నాకు అర్థమైంది. నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"మీవాడు మహా హుషారండీ."

నాయిన ముందుకు వంగాడు. "హుషారున్నడా సార్?"

"మామూలు హుషారా! ఇంత హుషారైన కుర్రాణ్ని నేను చూడలేదు. మీరు కాస్త కనిపెట్టుకుని ఉండాలి."

"ఉంట సార్. పానం బెట్టి సూసుకుంట."

సారు అన్న ప్రతి మాటా నాకు బెత్తంలా తగులుతోంది. అదే మాట నాయిన మొహంలో వెలుగు తెస్తోంది. ఆయన అంగీ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"మా బిడ్డ తొమ్మిదిల ఉన్నది సార్. దాని సంగతేంది?"

సారు మొహం విప్పారింది. "ఆ అమ్మాయా? చాలా నెమ్మదండీ."

నాయినకు ఆ మాట అంతుపట్టలేదు. సరిగ్గా తెలుసుకోవాలనుకున్నాడు. మనిషి ఎప్పుడూ అంతే, తెలియనిది తెలిసినట్టు తల ఊపడు. "అంటె నిమ్మలమా సార్?" అన్నాడు.

సారుకు మా మాటలు నేర్చుకుని పలకడం సరదా. "అదే, నిమ్మళం. చాలా నిమ్మళం. ఆ పిల్ల గురించి నేను చెప్పేదేముంది, మీకు తెలియంది కాదు" అన్నాడు.

మా దగ్గర నిమ్మళం అంటే మెల్లగా, తాపీగా. పనిలో నిమ్మళం అన్నామంటే ఆ మనిషి మొద్దు అని మర్యాదగా చెప్పడమే. సారు దృష్టిలో అది శాంతం, కుదురు, ఒద్దిక. నాయిన తల దించుకుని కొంచెంసేపు తన చేతుల్ని చూసుకున్నాడు. తర్వాత లేచి దండం పెట్టి బయటికి నడిచాడు.

నేను వెనకే పోబోతుంటే సారు చెవి పట్టుకున్నాడు. మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "మీ నాన్నగారు పెద్దమనిషిరా, అందుకని వదిలేశాను. మీ అక్కను చూసి బుద్ధి తెచ్చుకో. ఈ బడికి పేరు తెచ్చేది ఆ అమ్మాయే."

నాయిన గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. పరిగెత్తుకెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. సార్ మాట వేరు, మన మాట వేరు నాయినా అని. వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఇంటిదాకా తీయలేదు. దారిలో మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. చాయ్ హోటల్ దగ్గర ఆగి, సారు ఇంత హుషారైన పిల్లవాణ్ని చూడలేదన్నాడని అందరికీ చెప్పాడు. ఎవరో ఒకరు నవ్వి, ఆంధ్రోళ్లకు హుషారంటే వేరే అర్థం అని చెప్పేస్తారని ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడ్డాను. ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో జున్ను వాసన. బెల్లం, మిరియాలు వేసి అక్క వండింది. మాకోసం గిన్నెల్లో పెట్టి, వాకిట్లోనే ఎదురొచ్చింది. నాయిన గిన్నె ముట్టకుండానే చెప్పాడు. తమ్ముడు హుషారని సారు అన్నాడు బిడ్డా, నువ్వు నిమ్మలమన్నాడు, నేను రెండుసార్లు అడిగి తెలుసుకున్న అని. ఆ మాట కూడా చాలా మెత్తగా చెప్పాడు, దెబ్బ తగలకూడదని.

అక్క నాయిన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"సార్ గట్లనే అన్నడా తమ్మీ?"

"ఊ" అన్నాను.

"నిమ్మలమనే అన్నడా?"

"గదే అన్నడు."

అది అబద్ధం కాదు. సారు ఆ మాట అన్న మాట నిజమే కదా. ఎన్నో ఏళ్లు దీన్నే పట్టుకుని వేలాడాను.

తెల్లారి అక్క బడికి రాలేదు. ఈ యేడు అయ్యేదాకన్నా బడికి పో బిడ్డా అని నాయిన అన్నాడు. ఆ సారు ముందు ఇక కూర్చోలేనంది. కొట్టం గోడ మీద అంకెల్ని పేడనీళ్లతో అలికేసింది.

తర్వాత నా బతుకంతా కాపలా కాయడమే అయింది. సారు, నాయిన ఎదురుపడకుండా చూసుకోవాలి. సారు పిలిచి మీ అక్క రావడం లేదేంరా అని అడిగాడు. తనకే చదువంటే ఇష్టం లేదు సార్, రానంటోంది అన్నాను. ఆయన నమ్మలేదు. చదువంటే ఇష్టం లేకపోవడమేమిటి అని తనలో తను గొణుక్కున్నాడు.

ఒక సాయంత్రం మా సందులో సైకిల్ బెల్లు వినిపించింది. వాకిట్లో నేనొక్కణ్నే ఉన్నాను. లోపల నాయిన రాత్రి షిఫ్టుకు ముందు పడుకుని ఉన్నాడు. పెరట్లో అక్క బర్రెకు నీళ్లు పెడుతోంది. సారు సైకిల్ దిగి, "నాన్నగారున్నారా బాబూ?" అన్నాడు.

"ఎవ్వల్లేరు సార్. హత్నూరకు పోయిండ్రు, మా మామయ్యోల్లింటికి."

అప్పుడే పెరట్లో బకెట్టు చప్పుడైంది. అక్క బర్రెను అదిలించడం కూడా వినిపించింది. సారు విన్నాడు. నా మొహం చూశాడు. కంపెనీ వాసన అప్పుడప్పుడే దిగుతోంది, ఆయన దగ్గాడు. ఇంట్లోవాళ్లకు తనను కలవడం ఇష్టం లేదు, అందుకే పిల్లవాడితో ఇలా చెప్పించారు అనుకుని ఉంటాడు. కోప్పడలేదు. "సరే బాబూ" అని, సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ వేసవిలో ఆయనకు బదిలీ అయింది. ఆ కబురు విన్న రోజు చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

నేను గోడ దూకడం మానేశాను. భయంతోనే చదివాను, నాయిన నమ్మిన హుషారు అబద్ధమని బయటపడకుండా. అదే అలవాటైంది, అదే నాకు ఉద్యోగం తెచ్చింది. అక్క మాత్రల కంపెనీలో ప్యాకింగుకు పోయింది. నీలం టోపీ పెట్టుకుని పొద్దున్నే బస్సు కోసం రోడ్డు మీద నిలబడేది. నేను అదే దారిన పుస్తకాలతో పోతూ పక్కకు చూసేవాణ్ని. తర్వాత అక్క హత్నూర దగ్గర ఒక ఊరికి కోడలుగా వెళ్లింది. మంచి ఇల్లే, మంచి మనిషే. కానీ ఏ చిన్న కాగితం వచ్చినా, బ్యాంకు వాళ్లు ఏదడిగినా, మనవడి మందుసీసా మీద ఏం రాసి ఉందో చూడమన్నా ఒకే మాట అంటుంది. "నాకేం తెలుస్తది, తమ్మున్ని అడుగుండ్రి." తెలుగు పేపరు తడబడకుండా చదివే మనిషి ఆ మాట అంటుంది.

టీచరమ్మకు అబద్ధం చెప్పిన తర్వాత వచ్చిన ఆదివారం హత్నూర బస్సెక్కాను. అక్క వాకిట్లో చాట ముందు పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తోంది. చెప్పేశాను. హుషారు, నిమ్మళం, చెవి పట్టుకుని సారు అన్న మాట, సైకిల్ మీద వచ్చిన సాయంత్రం, అన్నీ. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పాను. దాని చేతులు కాయలు ఒలుస్తూనే ఉన్నాయి.

చేతిలో గింజలు చాటలో వేసి అడిగింది. "నాయినకు ఎరికనా?"

"లేదు."

"అంటె నాయిన నన్ను మొద్దనుకుంటనే పోయిండు."

నేను కింద పడ్డ కాయ ఒకటి తీసి చాటలో వేశాను.

"దవాఖానల నువ్వే ఉంటివి గద నాయిన పక్కపొంటి. గప్పుడన్న చెప్పకపోతివి."

సంగారెడ్డి ఆస్పత్రిలో చివరి రోజులన్నీ నేనే ఉన్నాను. అప్పటికి నేను టీచర్ని, ఇద్దరు పిల్లల తండ్రిని. ఒక మధ్యాహ్నం నాయిన నా చెయ్యి పట్టుకుని అన్నాడు, అక్కను సూసుకో కొడుకా, అది నిమ్మలం, దానికి లోకం తెల్వది అని. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన లేచి కూర్చోలేడు, గొంతెత్తి మాట్లాడలేడు. అయినా ఆయన కళ్లు నా వైపు తిరిగి ఉన్నాయి, ఆ కళ్లలో నేనింకా సారు మెచ్చుకున్న పిల్లవాణ్నే. సూసుకుంట నాయినా అన్నాను.

అక్కకు ఒక్క మాటే చెప్పాను, గప్పుడు కూడ బుగులైంది అక్కా అని. అక్క చాట పక్కకు జరిపి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్లింది. నేను వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను. పొయ్యి మీద కూర ఉడుకుతున్న వాసన వస్తోంది. అన్నం తిని పొమ్మని పిలుపు రాలేదు. మా అక్క ఇంటికి వెళ్లి అన్నం తినకుండా బస్సెక్కడం అదే మొదటిసారి.